ఓనరుగారి తుపాకీ, సర్కారువారి మెట్లు

ఆ రోజుల్లో ప్రభుత్వం అంటే నాకు భయమూ భక్తీ రెండూ ఉండేవి. ఆ ప్రభుత్వంలో నేనూ ఒకదాన్నయ్యాక మరీను! ఉయ్యూరులో జూనియర్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. మా ఆఫీసు ఒక పెద్దాయన ఇంట్లో, మేడ మీద అద్దెకుండేది. కింద ఆయనా, మామ్మగారూ. ఆయన్ని అందరూ తుపాకీ తాతగారనేవారు. చేపల చెరువుల మీద వాలే కొంగల్ని చప్పుడుతో బెదరగొట్టడానికని లైసెన్సు తీసుకున్న తుపాకీ ఒకటుండేది ఆయనకి. (పేలుస్తుంటే చూసినవాళ్లు లేరు, తుడుస్తుంటే చూసినవాళ్లే అందరూ.) ఎన్నికలొచ్చాయని దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి వచ్చారు.

సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణంలోకి ఎవరూ ఆయుధాలతో రాకూడదు, నోటీసు అతికించాలి. మా మేడమ్‌గారు ఆ పని నాకు చెప్పారు. ప్రాంగణమంటే ఎక్కణ్ణుంచి? అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. వీధి గేటుకే అతికించేశాను, గట్టిగా. (మైదా జిగురు కాచి ఇచ్చింది మామ్మగారే.)

ఎన్నికల హడావుడి ముగిశాక ఒక ఉదయం వీధిలో గోల వినిపించి, కిటికీలోంచి చూశాను. తాతగారు భుజాన తుపాకీతో గేటు బయట నిలబడి నా నోటీసు చదువుతున్నారు. చుట్టూ జనం! పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తాను.

"అమ్మాయ్, నా ఇల్లు సర్కారుదెప్పుడైందమ్మా?"

లోపల్నుంచి మామ్మగారు, "ముందు లోపలికి రండి, ఇడ్లీలు చల్లారిపోతున్నాయి!" అన్నారు.

"ఎట్టా రమ్మంటావే? వస్తే నేరమని రాసుంటే! లైసెన్సు పోద్ది."

మేడమ్‌గారు మెట్ల మీద నుంచే మండిపడ్డారు. "ఏంటమ్మా ఈ పని! ఆయనకి కోపమొచ్చి ఆఫీసు ఖాళీ చెయ్యమంటే, నీ ప్రొబేషన్ సంగతి నేను చెప్పలేను."

అయిపోయింది, ఉద్యోగం పోయింది! మా అమ్మకి ఏమని చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాను. గేటు దగ్గర కూలబడి గోళ్లతో నోటీసు గీకుతున్నాను, మామ్మగారి జిగురు వదిలితేగా! ఆవిడ ఇడ్లీ పళ్లెం గేటు పైనుంచి అందించారు. ఆయన తుపాకీ దించకుండానే, నిలబడి, చట్నీ కూడా వేయించుకుని తిన్నారు.

చివరికి మేడమ్‌గారే తేల్చారు. "ఇల్లు మీదేనండీ. మేం పనిచేసే మేడ, ఎక్కే మెట్లు, అంతవరకే ప్రభుత్వం." నేను చిరిగిన నోటీసు తెచ్చి మొదటి మెట్టుకి అతికించాను. తాతగారు గేటు దాటి, నాలుగడుగులేసి మళ్లీ ఆగిపోయారు.

"తుపాకీ పెట్టే ఇనప బీరువా మెట్ల కిందుందమ్మా. మెట్లు మీవి. మరి మెట్ల కింద?"

మేడమ్‌గారు తల పట్టుకుని అక్కడే కూర్చున్నారు. "ఆ చోటు మీదేనండీ, పెట్టేసుకోండి," అన్నాను, ఎవర్నీ అడక్కుండా. నా సర్వీసులో నేనిచ్చిన మొదటి ఉత్తర్వు అదే. బీరువా తలుపు పడ్డాకే నాకు ఊపిరాడింది.

ఇప్పుడు ఆఫీసుకి సొంత బిల్డింగుంది, ఆ మేడమ్‌గారి కుర్చీలో నేనున్నాను. మొన్న తాతగారు ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చి గేటు బయటే ఆగిపోయారట. దిగి వెళ్లాను. చెరువులు అమ్మేశాక తుపాకీ ప్రభుత్వానికే ఇచ్చేశానన్నారు. చేతికర్ర చూపించి, "ఇది లోపలికి రావచ్చా అమ్మాయ్, నువ్వే చెప్పాలి," అన్నారు.

నవ్వబోయి ఆయన మొహం చూశాను. నిజంగానే అడుగుతున్నారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఈ గేటుకి కూడా నోటీసుంది మరి. అప్పుడు అతికించింది నేనే, ఈసారి అతికించమన్నదీ నేనే.