పురిటిగదిలో వేడెక్కని డ్రయ్యరు

శ్రావణమాసం, రెండో గురువారం, పొద్దున్న ఎనిమిదిన్నర. మా తమ్ముడు ధవళేశ్వరం నుంచి తడుస్తూ వచ్చి మోటారుసైకిలు దిగేటప్పటికి మా ఇంట్లో ఆరిన పొత్తిగుడ్డ ఒక్కటే ఉంది. అదీ పిల్ల కిందే ఉంది.

అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కొవ్వూరు. మా అమ్మాయికి తొలి కాన్పు. పిల్ల నెలలు నిండకుండా పుట్టి, పిడికెడంత ఉంది. తడి తగలనివ్వద్దు, వెచ్చగా ఉంచండి అని రాజమండ్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచీ ముసురు. వసారాలో దండెం మీద వేసిన గుడ్డలు రెండు రోజులకి కూడా ఆరవు, పైగా ముక్కిన వాసన. గంప బోర్లించి సాంబ్రాణి పొగ మీద ఆరబెడితే ఆ వాసనకి పిల్ల దగ్గింది. అందుకే డ్రయ్యరు బయటికి తీశాము.

కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి అమ్మగారు, నేను వచ్చేసేటప్పుడు ఇచ్చిన మిషను అది. కార్గోలో వేసుకొచ్చాను. వర్షానికి కారనిది వెనక గది ఒక్కటే. అదే పురిటిగది అయింది, డ్రయ్యరూ అక్కడే ఉంది. దాని వేడిగాలి పోయే గొట్టాన్ని కిటికీలోంచి పెరట్లోకి పెట్టాము. వారం రోజులు బంగారంలా పనిచేసింది.

మంగళవారం మా వియ్యపురాలు జంగారెడ్డిగూడెం నుంచి పిల్లని చూడ్డానికి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం డ్రయ్యరు తిరుగుతోంది గానీ వేడి లేదు. తీసిన గుడ్డలు తడిగానే, చల్లగా చేతికి తగిలాయి. ఇస్త్రీపెట్టెతో ఎన్నని ఆర్చను?

"మా ఊరు మెరకండీ వదినగారూ, ఇంత చెమ్మ ఉండదు. రేపు పదకొండింటికి కారు చెప్పాను. తల్లినీ పిల్లనీ నాతో పంపండి," అంది వియ్యపురాలు.

"మూడో నెల రాకుండా బాలింతని గడప దాటిస్తారా? ఆ గతుకుల రోడ్డు మీద ఆ గుప్పెడు పిల్లనా?"

"తడిగుడ్డల్లో పడుకోబెట్టడం కంటే నయం కదండీ."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. మా అమ్మాయి అటు చూసి, ఇటు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. దానికి వెళ్ళాలని లేదు. అత్తగారి ముందు ఆ మాట అనలేదు.

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేసి పొద్దున్నే రమ్మన్నాను. వాడు పొలం మోటార్లకి వైండింగు చేస్తాడు. బట్టల మిషను ఎప్పుడూ విప్పలేదు. ప్లగ్గు పీకి, వెనక రేకు విప్పి, కరెంటు పారితే వెలిగే బల్బు వైరుతో ఒక్కొక్కటే పరీక్ష చేయడం మొదలుపెట్టాడు. కాయిలుకి పెడితే బల్బు వెలిగింది.

"కాయిలు బానే ఉందక్కా."

"బానే ఉంటే వేడేదిరా?"

"తొందరపెట్టకు. నేనేమైనా దీన్ని కన్నానా?"

మా ఆయన గుమ్మంలో నిలబడి, "బావా, అయ్యాక స్క్రూలు మిగలకుండా చూడు. పోయినసారి మా ఫ్యానుకి మూడు మిగిల్చావు," అన్నాడు.

వాడు బల్బు వైరు పక్కకి జరిపాడు. కాయిలు పక్కన రూపాయి బిళ్ళంత ముక్క ఒకటి ఉంది. దానికి పెడితే బల్బు వెలగలేదు. "ఇదే ఆగింది. వేడి మితిమీరితే కాయిలుకి కరెంటు ఆపేస్తది. ఎందుకు మితిమీరింది? ఆ గాలి ఎటు పోతదక్కా?"

గొడుగేసుకుని పెరట్లోకి వెళ్ళి చూశాను. గొట్టం మూతికి పాత చీరముక్క ఉండచుట్టి, బిరడా కొట్టినట్టు కొట్టి ఉంది. లాగితే వెనకాలే గుడ్డల నూగు గుప్పెడు వచ్చింది. ఆకుపచ్చ చీర, జరీ పోయిన అంచు. మా ఇంట్లో అలాంటి చీర లేదు.

లోపలికొచ్చి అందరి ముందూ చూపించాను. "ఇది ఎవరు పెట్టారండీ?"

వియ్యపురాలు కొంచెం కూడా తడుముకోలేదు. "నేనే పెట్టానండి. వచ్చిన రోజే కన్నాలన్నీ మూశాను. పురిటిగదికి అంత గొట్టం తెరిచి వదిలేస్తారా ఎవరైనా? బాలింతకి గాలి కొట్టదూ?"

అప్పుడు చూశాను. కిటికీ సందుల్లో, తలుపు కింద, తూములో, అన్నిట్లోనూ ఆకుపచ్చ ముక్కలే. తప్పేం కాదు, మా అమ్మ కూడా నా పురిటికి అలాగే మూసింది. కాకపోతే అప్పట్లో ఇంట్లో డ్రయ్యరు లేదు.

ముందు మా ఆయన నవ్వాడు. తర్వాత మంచం మీంచి మా అమ్మాయి. ప్రసవం అయ్యాక అది నవ్వగా వినడం అదే మొదటిసారి. వియ్యపురాలు, "ఏంటండీ, ఏమైందండీ?" అంటుంటే మా తమ్ముడు వివరంగా చెప్పాడు. ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది.

ఆ బిళ్ళ మధ్యలో చిన్న ఎర్ర మీట ఉంది. వాడు వేలితో నొక్కితే టక్కుమంది. బల్బు వెలిగింది. నూగంతా దులిపి, రేకు బిగించి, ప్లగ్గు పెట్టాడు. స్క్రూలు మిగల్లేదు. కాసేపటికి గొట్టం చివర చెయ్యి పెడితే వెచ్చగా గాలి తగిలింది.

మొదటి వాయి గుడ్డలు తీసి వియ్యపురాలి చేతిలో పెట్టాను. ఆవిడ ఒకటి చెంపకి ఆనించుకుంది. పిల్ల కిందది తీసి, ఆ వెచ్చటి గుడ్డలో తనే చుట్టింది. పిల్ల ఒళ్ళు విరుచుకుని మళ్ళీ నిద్రపోయింది.

"అన్నయ్యగారూ, కారతనికి ఫోను చేసి వద్దని చెప్పండి," అంది మా ఆయనతో. తర్వాత నా వైపు తిరిగి, "నేనూ నాలుగు రోజులుంటానండి వదినగారూ. గుడ్డలు మడత పెట్టడానికి మనిషి కావాలిగా మీకు."

"ఉండండి. గొట్టం జోలికి మాత్రం వెళ్ళకండి," అన్నాను.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నేను, మా ఆయన, మా తమ్ముడు, మా వియ్యపురాలు, మా అమ్మాయి, పొడిగుడ్డలో నా మనవరాలు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు.