మేస్త్రిగారు రంగు వేయనివ్వని బెత్తెడు

మొన్న డ్యూటీ నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా మంచం మీద కూలబడ్డాను. అరవై దాటిన ఒళ్ళు, సాయంత్రానికి ఇక మాట వినదు. అప్పుడే ఫోన్ మోగింది. మా అబ్బాయి. వాడిప్పుడు ఇక్కడే గల్ఫులో, ఈసా టౌన్‌లో వేరే కంపెనీలో పనిచేస్తున్నాడు.

"బాపూ, మేస్త్రి సారు పోయిండంట. పొద్దుగాల, వాళ్ళింటికాడ, నిద్రలనే."

మీరేమనుకున్నా సరే, ఉన్నదున్నట్టు చెప్తాను. ఏడుపు రాకముందు నా చెవిన పడింది ఆ మొదటి మాటే. బాపూ. మూడేళ్ళుగా వింటున్నా ఆ మాట నాకింకా పాతబడలేదు. ఆ మాట నాకు దక్కేలా చేసిన మనిషి పోయాడన్న సంగతి మళ్ళీ ఆ మాటతోనే తెలిసింది. ఇంత అలసటలోనూ కళ్ళనీళ్ళతో పాటు సంతోషం పొంగుకొచ్చింది. ఏం చేయను, రెండూ కలిసే వచ్చాయి.

మేస్త్రిగారిది గోదావరి పక్క. మాది జగిత్యాల దిక్కు. సల్మాబాద్‌లో మా కంపెనీ వర్క్‌షాపుకు ఆయన పెద్ద, నేను వడ్రంగిని. నన్ను 'తమ్ముడూ' అనేవారు. ఆయన పనితీరు ఒకటి చెప్పాలి. బండి లోపల ఏ పని చేసినా, అప్పగించే ముందు గ్లాసు నిండా టీ పోసి దాని నేల మీద పెట్టి, ఆ బండిని వర్క్‌షాపు చుట్టూ నడిపించేవారు. బొట్టు ఒలికితే బోల్టులన్నీ మళ్ళీ బిగించాల్సిందే. మేం విసుక్కుంటే, "కూర్చునేవాడి నడుం నీది కాదని కదా నీ ధైర్యం" అనేవారు. కోపంగా కాదు, టీ గ్లాసు కడుక్కుంటూ.

మమ్మల్ని సైటుకు తీసుకుపోయే బస్సు ముసలిదైపోతే, మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, దాన్ని వాళ్ళ అక్కగారికి ఇచ్చేశాడు. ఆవిడ పంతులమ్మగా చేసి రిటైరయ్యారు. పెద్ద ఇంట్లో రెండు పిల్లులు, ఒక చిలుక, వెనక కాలు ఈడ్చే ముసలి కుక్క, ఆవిడ, అంతే. చలికాలం వస్తే ఇక్కడి వాళ్ళు సఖీర్ ఎడారిలో డేరాలు వేసుకుంటారు కదా, ఆవిడకు ఈ జీవాలన్నిటినీ వెంటబెట్టుకుని పోవాలని. బస్సును ఇల్లు చేసిపెట్టమన్నారు. మంచం, పొయ్యి, అల్మారాలు, పిల్లులు పడుకోవడానికి అరలు. చెక్కపనంతా నాది. రంగులు మా వాడివి.

మా వాడి గురించి చెప్పాలి. వాడు పొత్తిళ్ళలో ఉండగా నేనీ గల్ఫుకు వచ్చాను. పెద్దవాడై వాడూ ఇక్కడికే, మా కంపెనీకే వచ్చాడు. ఒకే గది, పైమంచం వాడిది, కిందిమంచం నాది. ఏడాదిన్నర నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. పనిబడితే "ఇగో" అనేవాడు. ఒకరోజు మేస్త్రిగారు మందలించబోతే, నాకు వినబడేటట్టే అన్నాడు:

"నాకు ఎన్నడన్న సరిపోయే అంగీ పంపిండా సారూ? అన్నీ పొట్టియే. నా సైజు గూడ తెల్వని మనిషిని ఏమని పిలువాలె?"

అన్నదాంట్లో తప్పేముంది? అంగీలు పొట్టివే.

సంగతేమిటంటే, అప్పట్లో మా ఇంటావిడ పిల్లవాణ్ణి నిలబెట్టి, తల నుంచి మడమ దాకా దారంతో కొలిచి, ఆ దారాన్ని లీవు నుంచి తిరిగొచ్చే మా ఊరివాళ్ళ చేతికిచ్చేది. దాన్ని బట్టి అంగీ కొనేవాణ్ణి. మళ్ళీ ఎవరో ఒకరు లీవుకు పోయినప్పుడు గదా పంపేది. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. ఈలోగా పిల్లవాడు ఆగుతాడా? చెక్క కోసేటప్పుడు అరంగుళం ఎక్కువ ఉంచి కోసేవాణ్ణి, నా బిడ్డకు ఆ ఎక్కువ ఉంచాలని తోచలేదు.

దారం వచ్చిన ప్రతిసారీ బస్సులో నా సీటు పక్కన, తలుపు దగ్గరి వెడల్పాటి ఇనుప కమ్మీకి ఆనించి, మేకుతో గీత గీసేవాణ్ణి. క్యాంపుల్లో గదులు మారుస్తూనే ఉండేవాళ్ళు, ఆ సీటు మాత్రం మారలేదు. పక్క సీటు మేస్త్రిగారిది. దారం కింది కొసను వంగి బొటనవేలితో నేలకు నొక్కిపట్టేది ఆయనే. "ఈసారి నాలుగు వేళ్ళు ఎక్కాడు తమ్ముడూ" అని నాకన్నా ముందు మురిసేవారు. ఆయనకు పిల్లల్లేరు.

బస్సుకు రంగు వేసే రోజున ఆ కమ్మీ దగ్గర మా వాణ్ణి ఆపేశారు.

"ఆ బెత్తెడు వెడల్పు, కింది నుంచి పైదాకా వదిలేయ్ రా."

"పని సగం జేసినట్టు కనవడ్తది సారూ."

"కనబడనీ."

మొదటి ప్రయాణానికి, దారిలో ఏదైనా ఊడితే చూసుకోవడానికని, మేస్త్రిగారు మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకున్నారు. ఆయనే నడిపారు. అక్కగారు ముందు సీట్లో, ఒళ్ళో చిలుక పంజరం. వెనక నేను కుక్కతో, మా వాడు పిల్లుల బుట్టతో, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా. తలుపు దగ్గర నేల మీద నిండు టీ గ్లాసు. జల్లాఖ్ దాకా కుడిపక్క సముద్రం. అక్కణ్ణుంచి ఇసుకబాట, గతుకులు. టీ ఒలకలేదు గానీ, ఆగి చూస్తే గ్లాసు ఖాళీ. కుక్క మూతి నాక్కుంటోంది.

"దీన్ని ఒలికినట్టు రాసుకోవాలా, ఒలకనట్టా?" అన్నారు మేస్త్రిగారు. అక్కగారు నవ్వారు. మా వాడూ నవ్వాడు. వాడి నవ్వు అంత దగ్గరగా చూడటం నాకదే మొదలు.

కొత్త పొయ్యి మీద మళ్ళీ టీ పెట్టమని వాడికి చెప్పి, కుక్కను తిప్పుకురమ్మని నన్ను దింపారు. ఆ తర్వాత బస్సులో ఏం జరిగిందో మేస్త్రిగారు చెప్తేనే నాకు తెలిసింది. వాడు కమ్మీ వైపు చూస్తూ, ఇదెందుకు వదిలేయించావు సారూ అని అడిగాడట. ఆయన వాణ్ణి కూర్చోబెట్టి గీతలు చూపించారట, కింది నుంచి పైకి, ఏడు.

"ఇవన్నీ నువ్వే. కింది కొస నా వేలి కింద, పై కొస మీ బాపు చేతిలో. ఆ దారం చూసే అంగీ కొనేవాడు. నువ్వే ఆగలేదు."

వాడు లేచి కమ్మీ పక్కన నిలబడ్డాడట. ఆఖరి గీత వాడి ఛాతీ దాకా వచ్చిందట.

నాకివేవీ తెలియవు. ఎడారిలో పరిచిన చమురు గొట్టాల పక్కన కుక్కతో నిలబడి ఉన్నాను. వెనక నుంచి పిలుపు:

"బాపూ, చాయ్ సల్లారుతున్నది. రా."

ఎవరి బాపునో పిలుస్తున్నారనుకుని అటూ ఇటూ చూశాను. ఇసుక, నేను, కుక్క. తలుపులో మా వాడు, రెండు చేతుల్లో రెండు గ్లాసులు. ఎంత చెప్పినా ఆ క్షణం నాకు తనివి తీరదు, క్షమించండి.

మొన్న శుక్రవారం ఇద్దరం అక్కగారింటికి వెళ్ళి కబురు చెప్పాం. కుక్క పోయి ఏడాదైందట. బస్సు ఇంటి ముందే ఉంది. ఆవిడ మళ్ళీ రంగులు వేయించుకున్నారు, ఆ బెత్తెడు తప్ప. వేయవద్దని మేస్త్రిగారు ఊరికి వెళ్ళిపోయేటప్పుడు కూడా చెప్పి వెళ్ళారట.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆనాటి మేస్త్రిగారే కనబడతారు. నేను బస్సు దగ్గరికి రాలేక నిలబడిపోతే, ఆయనే దిగి వచ్చి నా చేతిలోని తాడు తీసుకున్నారు. "వెళ్ళి టీ తాగు తమ్ముడూ. దీన్ని నేను తిప్పుతాలే" అన్నారు. కుక్కను అప్పటికే చాలాసేపు తిప్పాను, దానికి నడవాలనీ లేదు. అయినా తీసుకుపోయారు. అది కాలు ఈడుస్తూ ఎంత మెల్లగా నడిచిందో అంత మెల్లగా నడుస్తూ, ఆ గొట్టాల వెంబడి దూరంగా, ఇంకా దూరంగా. మేం టీ తాగడం అయిపోయేదాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.