మేం తాగని షర్బత్

మనకు మనిషితనం నేర్పిన టీచరట! నేర్పింది సరే, నేర్చుకున్నదెవరు? పొద్దున్నుంచి అరచేతిలో ఫోన్ వణుకుతూనే ఉంది. లలిత మేడం పోయారని మా స్కూలు గ్రూపు నిండా దండాల బొమ్మలు. ఆ మాట రాసినవాడి నాన్నే ఆమెను ఉద్యోగంలోంచి తీసేయించాడు. వాణ్ని తిడదామని సగం టైపు చేసి ఆగిపోయాను. ఆయనకు సాక్ష్యం చెప్పింది నేనే.

తొంభైల చివర నాన్నకు బదిలీ అయి, హైదరాబాద్ నుంచి ఆర్మూర్ వచ్చాం. ఐదో తరగతిలో నా పక్కన షబానా. వాళ్లమ్మ బీడీలు చుట్టేది. ఆ పిల్ల దగ్గర తంబాకు వాసన వస్తోంది, బెంచీ మార్చమని గొడవ చేశాను. మేడం నా దగ్గరికొచ్చి వంగారు. "మా అమ్మ గూడ బీడీలే చేస్తది. ఈ క్లాసుల సగం మంది అమ్మలు గదే పని. మా దగ్గర వస్తలేదా వాసన?"

ఆ శనివారం మా ఆరుగురిని షబానా ఇంటికి తీసుకెళ్లారు. ఊరంతా పసుపు ఉడికే వాసన. వాళ్లమ్మ ఒళ్లో చాట పెట్టుకుని ఆకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం చూపించింది. నా చేతికిస్తే ఆకు చించేశాను. "ఫికర్ జెయ్యకు బేటా, నేను గూడ మస్తు చింపిన," అని నవ్వింది. తర్వాత సబ్జా గింజల షర్బత్ ఇచ్చి, ఇంకా తేవడానికి షబానాతో లోపలికి వెళ్లింది. మేడం తాగారు. మేం మాత్రం గోడ వెనక పారబోశాం. మొదట గ్లాసు వంచింది నేనే. తిరిగొచ్చిన ఆమె ఖాళీ గ్లాసులు చూసి మురిసిపోయింది. "ఎంత దూప మీదున్నరో పోరగాండ్లు! ఇంకింత తాగుండ్రి!"

తడిసిన మట్టి మేడం కంటపడింది. దారిలో అందరి ముందూ నాతో అన్నారు. "పట్నంల పెరిగినవు. నువ్వన్న తాగుతవనుకున్న." నాకు ఒళ్లు మండిపోయింది.

సోమవారం హెడ్మాస్టరు గదిలో ముగ్గురు పిల్లల నాన్నలు కూర్చున్నారు, మేడం ఓ పక్కన నిలబడి ఉన్నారు. నన్ను పిలిపించారు. "గా సాయబులింట్ల మీ మేడం మీతోని షర్బత్ తాగిపిచ్చిందట, నిజమేనా?" అని ఇవాళ గ్రూపులో ఆ మాట రాసినవాడి నాన్న అడిగాడు.

"నిజమే సార్. వద్దన్నా వినలేదు," అన్నాను.

పారబోశారని మేడం ఒక్క మాట అంటే నా అబద్ధం బయటపడేది. ఆమె ఉద్యోగం నిలిచేది. కానీ హాజరు పుస్తకం తెచ్చిన షబానా అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. మేడం ఆ పిల్ల వైపు చూశారు.

"అవ్ సార్, తాగిపిచ్చిన. పోరగాండ్లు దూప మీదుండిరి, కడుపునిండ తాగిండ్రు. అయితే ఏంది?"

షబానా నవ్వింది. మర్నాటి నుంచి మేడం బడికి రాలేదు. మోర్తాడ్‌లో ట్యూషన్లు చెబుతున్నారని తర్వాత విన్నాను. ఒక్కసారీ వెళ్లలేదు.

నా కోపం ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది. అయితే ఎవరైనా నన్ను తప్పుపట్టినప్పుడు, నోటికొచ్చిన మొదటి మాట నిజమా కాదా అని ఒక్క క్షణం ఆగుతాను. ఆమె నుంచి నాకు మిగిలింది అంతే. 'పదేళ్ల పిల్లవి, నీకేం తెలుసు' అని మీరు ఓదార్చబోతారు. ఎవరింటి షర్బత్ పారబొయ్యాలో పదేళ్లకే తెలిసినదానికి, తను ఏం చేస్తోందో తెలియదంటారా?