క్యాలెండర్ మీది అంకె

నా బిడ్డ ఏడో నెలలోనే పుట్టింది. నెల తిరక్కుండానే హైదరాబాద్ దవాఖానలో రెండు కళ్లకూ లేజర్ చేశారు. "చూపు నిలిచింది. కానీ పెద్దయ్యేదాకా ఆరు నెలలకోసారి తప్పకుండా తీసుకురావాలి. ఎడమ కన్ను బలహీనం" అని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు పట్టుకున్న భయం నన్ను వదల్లేదు. పిల్ల గడప తట్టుకున్నా, గ్లాసు కోసం తడుముకున్నా నా గుండె జారేది.

భయంతో నాకు అతితెలివి పుట్టింది. కట్టంగూర్‌లో ఎరువుల దుకాణంవాళ్లు ఇచ్చిన క్యాలెండర్ మా గోడకు ఉండేది, రోజుకో కాగితం చించేది. రోజూ పొద్దున పిల్లను గడప దగ్గర నిలబెట్టి, కుడికన్నుకు రుమాలు కట్టి, ఆ తర్వాతే నిన్నటి కాగితం చించేదాన్ని. "ఎంత?" అంటే టక్కున చెప్పేది. ఆ జవాబు వినందే నేను చాయ ముట్టేదాన్ని కాదు.

దానికి ఏడేళ్లప్పుడు, సరిగ్గా కంటి పరీక్షకు వెళ్లాల్సిన సమయానికి పత్తి పగిలింది. కూలీలు దొరకలేదు.

"రోజు సూస్తనే ఉన్నవ్ గద, మంచిగనే చెప్తాంది. పత్తి ఏరినంక పోదువు గని" అన్నది మా అత్త.

సరేనన్నాను. అత్త మీదికి నెట్టను. డాక్టరమ్మ మాటకన్నా నా క్యాలెండర్‌ను ఎక్కువ నమ్మింది నేనే.

నవంబరు అయిపోయిన మర్నాడు పొద్దున, మామూలుగానే కాగితం చించి అడిగాను.

"ముప్పై ఒకటి" అంది.

క్యాలెండర్ మీద నా అరచెయ్యంత పెద్దగా ఒకటో అంకె ఉంది. నవంబరుకు ముప్పై రోజులేనని దానికి తెలియదు.

రెండు వేళ్లు చూపించి ఎన్ని అన్నాను. తల దించుకుంది. ఏరిన పత్తి చేనులోనే వదిలేసి బస్సెక్కాం. హైదరాబాద్ దాకా దాని చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను, వదిలితే మిగిలిన కన్ను కూడా పోతుందేమో అన్నంత భయంగా.

"కంటి లోపలి పొర ఊడింది. ఆపరేషన్ చేద్దాం. చూపు ఎంత వస్తుందో చెప్పలేను" అంది డాక్టరమ్మ. "ఎన్ని రోజులైంది?"

పిల్ల వైపు తిరిగి కోపంగానే అడిగాను. "కనవడ్తలేదని నాకెందుకు చెప్పలే?"

"చెప్పకుంటె నువ్వు చాయ తాగవు గదమ్మా. గందుకే నిన్నటిదానికి ఒకటి కలిపి చెప్పిన" అంది.