తీపి పడందే భోజనం కాదు

దర్జీ మేస్త్రిగారి లెక్కలో తీపి పడనిది భోజనమే కాదు. విందుల సంగతి కాదు చెప్పేది. మామూలు మంగళవారం మధ్యాహ్నం, నిన్నటి కూర వేడిచేసుకుని తిన్నా సరే, చివర్లో ఏదో ఒక తీపి గొంతు దిగాల్సిందే. అది దిగేదాకా ఆ మనిషి ఇంకా భోజనం మధ్యలోనే ఉన్నట్టు. తీపి తినకుండా బల్ల దగ్గర్నుంచి లేచినవాణ్ణి ఆయన, చొక్కా గుండీలు మరిచి వీధిలోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవారు. వీధిలో అందరూ ఆయన్ని తీపి మేస్త్రి అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆయన ఇంకాస్త నిటారుగా నడిచేవారు.

ఈ పిచ్చి కొట్టులోకి కూడా పాకింది. ప్యాంటు కొలతకి ఎవరైనా వస్తే, టేపు నడుం చుట్టూ తిప్పి, బిగించే ముందు ఆగేవారు.

"భోజనం అయిందా?"

"అయిందండీ."

"తీపి?"

"లేదండీ."

"అయితే ఇది సగం నడుమే," అని, తీపికి కాస్త చోటు కలిపి కొలత రాసుకునేవారు. ఆ కలిపిన చోటుకి తీపి కుట్టు అని పేరు కూడా పెట్టారు. మిగతా దర్జీలు అలాంటి పనిని కొలత తప్పడం అనేవారు.

ఒకసారి బ్యాంకు గుమాస్తా లబోదిబోమంటూ వచ్చాడు. "మేస్త్రిగారూ, ప్యాంటు జారిపోతోందండీ. మేనేజరుగారితో మాట్లాడుతున్నంతసేపూ ఒక చెయ్యి నడుం మీదే ఉంచాల్సొస్తోంది. నేనేదో దబాయిస్తున్నానని ఆయన అనుకుంటున్నారు."

"తీపి తింటున్నారా?"

"మా ఇంట్లో ఆ అలవాటు లేదండీ."

"మరి ప్యాంటుదేం తప్పండీ పాపం?" అని మేస్త్రిగారు కత్తెర్ల సొరుగులోంచి రేకు డబ్బా తీసి, కేకు ముక్క చేతిలో పెట్టారు. గుమాస్తా మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. కొన్నాళ్ళకి అతని నడుమే ప్యాంటుని అందుకుంది. కొట్టుకి మాత్రం రావడం మానలేదు.

సరిగ్గా అలాంటి ఇంటికి పళ్ళ డాక్టరు కోడలై వచ్చింది. మేస్త్రిగారి కొడుకు తండ్రి దగ్గరే కోట్లు కుడతాడు. ఆ ఇంట్లో పెరిగినవాడికి పన్ను పుచ్చకపోతే ఆశ్చర్యం గాని, పుచ్చితే ఏముంది? పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, మనసు కూడా అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ అమ్మాయి కూడా, దవడ వాచిపోయి ఉన్నా నవ్వడానికి ప్రయత్నించిన ఆ మనిషిని చూసి కరిగిపోయింది.

కాపురానికొచ్చిన మొదటి పూట భోజనం ముగించి కోడలు లేచింది. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు మేస్త్రిగారు.

"చెయ్యి కడుక్కుందామని, మామయ్యగారూ."

"భోజనం మధ్యలోనా?"

ఆడపడుచు ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టి, ఆ ఇంటి చట్టం చెవిలో చెప్పింది. చట్టంలో ఉన్నవి రెండే మాటలు. తీపి పడందే భోజనం కాదు. కంచం మెరవందే తీపి లేదు. కంచంలో ఒక్క కూర ముక్క మిగిలినా సరే, తీపి గిన్నె ఆ మనిషిని దాటుకుని పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. అందులో కొడుకైనా ఒకటే, కొత్త కోడలైనా ఒకటే.

తీపి మాత్రం మేస్త్రిగారే స్వయంగా చేసేవారు. కేకు ఉడికిందో లేదో తన సూదితోనే గుచ్చి చూసేవారు. టేపు పెట్టి కొలిచి, వాటాల్లో దారం మందం కూడా తేడా రాకుండా కోసేవారు. పళ్ళు ఉడికించి పంచదార పాకంలో వేసినా, పాలు గడ్డకట్టించినా, చూడ్డానికి అన్నీ కుట్టుపని చేసినట్టే ఉండేవి. కోడలు ఎన్ని తిట్టుకున్నా ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆయన చేతి తీపి అమృతం.

అత్తగారి వంట సంగతే ఆమెకి అంతుపట్టలేదు. ఆ కూరల్లోకి ఉప్పు ఒకరోజు అసలు రాదు, మర్నాడు చుట్టాలందరినీ వెంటేసుకుని వస్తుంది. పులుపు కూడా అంతే, దాని ఇష్టం. కోడలు మర్యాదకి మింగింది. తక్కినవాళ్ళు కూడా, పందెం పెట్టుకున్నట్టు, కంచాలు మెరిసేదాకా తిన్నారు. వాళ్ళకి ఇదే రుచి కాబోలు అనుకుంది. అత్తగారు కూనిరాగం తీస్తూ వచ్చి, ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ అనేది:

"చూశావా అమ్మాయ్, ఒక్క ముక్క మిగల్లేదు. కంచంలో కూర మిగిలిన రోజున గరిటె కింద పెట్టేస్తాను. ఆ తర్వాత ఈ ఇంట్లో నాకింక పనేముంది?"

ఆ మాట ఆవిడ నవ్వుతూనే అనేది. మేస్త్రిగారు మాత్రం ఆ మాటకి ఎప్పుడూ నవ్వేవారు కాదు.

మొగుడికి ఇంకో పన్ను పుచ్చడంతో కోడలు నడుం బిగించింది. తిన్నగా కొట్టుకే వెళ్ళింది.

"మామయ్యగారూ, తీపి వారానికి ఒక్కసారి చాలండీ. రోజూ రెండు పూటలా తింటే పళ్ళు ఏమైపోవాలి?"

"నీ దగ్గరికి రావాలమ్మా. ఇంట్లోనే డాక్టరుంది, మాకేం భయం?"

"నా దగ్గరికి వచ్చేవాళ్ళకేం కొదవ లేదండీ."

"ఎలా ఉంటుంది? అందులో సగం మంది నేను పంపినవాళ్ళే."

మాటలతో పని జరగదని, పరీక్ష పేరు చెప్పి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి కుర్చీలో వెనక్కి వాల్చింది. ఇన్నేళ్ళ తీపి ఆ నోట్లో ఎంత విధ్వంసం చేసిందో చూపించి, అద్దం చేతికిచ్చి, నోరు మూయించాలని ఆమె ఆశ. దీపం వంచి లోపలికి చూసింది. పుచ్చు లేదు. పుచ్చబోతున్న జాడ కూడా లేదు. అటు వెతికింది, ఇటు వెతికింది. వీధి మొత్తం మీద అలాంటి పళ్ళు ఇంకొకరికి లేవు.

ఆ పూట భోజనం దగ్గర ఆమె ఆయన గిన్నె మీదనుంచి చూపు తిప్పలేదు. మేస్త్రిగారు చెంచా ఎత్తారు, దించారు, ఏదో కబురు చెప్పారు, మళ్ళీ ఎత్తారు. అంతా నవ్వుతుండగా ఆయన గిన్నె మెల్లగా కొడుకు ముందుకి జరిగింది. ఖాళీ గిన్నె ఆయన ముందుకి వచ్చింది. జేబు దొంగలకి కూడా అంత నైపుణ్యం ఉండదు.

మర్నాడు కొట్టులో పట్టుకుంది. "మీరు తీపి తినరు."

ఆయన గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించారు. "గట్టిగా అనకమ్మా. తీపంటే నాకు చిన్నప్పట్నుంచీ వికారం."

"మరి మా అందరి చేతా ఎందుకు తినిపిస్తున్నారండీ?"

మేస్త్రిగారు గుప్పెడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నారు. నోట్లో సూదులు పెట్టుకున్న దర్జీని మాట్లాడించడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆమెకి ఒళ్ళు మండింది. తను ముట్టనిది ఊరందరికీ పంచడమేమిటి? ఇకనుంచి ఆదివారం తప్ప తీపి చేయకూడదని, చేస్తే గుట్టు బయటపెడతానని తేల్చి చెప్పింది. ఆయన ఒక్కొక్క సూదీ తీసి సూదుల దిండుకి గుచ్చారు. "అలాగేనమ్మా," అన్నారు చివరికి. గుడ్డ తప్పుగా కోసిన రోజున కూడా ఆయన ముఖం అంతగా పాలిపోలేదు.

ఆ సాయంత్రం భోజనంలో తీపి లేదని ముందే అందరికీ తెలిసిపోయింది. కూరలోకి ఉప్పు ఆ రోజు చుట్టాలతో సహా వచ్చింది. ఆడపడుచు రెండు ముద్దలు తిని కంచం పక్కకి జరిపింది. కొడుకు నీళ్ళు తాగి ఆగిపోయాడు. కోడలు తన కంచం చూసుకుంది. సగం కూర అలాగే ఉంది. ఇంతకాలం తను దేని కోసం దీన్ని గబగబా మింగుతూ వచ్చిందో ఆమెకి అప్పుడే అర్థమైంది. మేస్త్రిగారు ఒక్కరే వంచిన తల ఎత్తకుండా తింటున్నారు.

అత్తగారు కంచాలు తీయడానికి వచ్చింది. కూనిరాగం ఆగిపోయింది.

"ఏం, బాగాలేదా?"

ఆవిడ కొడుకు కంచంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. నెమ్మదిగా నమిలింది. చీకట్లో తాళంచెవి వెతుక్కుంటున్నట్టుంది ఆవిడ ముఖం.

"నాకు బాగానే ఉందే," అంది చిన్నగా. తర్వాత మేస్త్రిగారి వైపు తిరిగింది. "ఎప్పట్నుంచి ఇలా చేస్తున్నానండీ?"

"ఎప్పట్నుంచీ లేదు. మధ్యాహ్నం కాస్త ఎక్కువ తిన్నాం," అన్నారాయన. అబద్ధం అతికినట్టు లేదు.

కోడలు నోళ్ళ డాక్టరు. నాలుకకి ఏమీ అందని మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మొగుడి చెవి దగ్గరికి వంగింది. "అత్తయ్యగారికి ఎప్పుడైనా పెద్ద జబ్బు చేసిందా?"

"నా చిన్నప్పుడు విషజ్వరం వచ్చింది. చాలా వారాలు మంచం మీదే ఉంది," అన్నాడతను. "నాన్నకి ఈ తీపి పిచ్చి పట్టింది కూడా అప్పుడే," అన్నాడు. అని, తన మాట తనే విని, తండ్రి వైపు చూశాడు.

అత్తగారి చెయ్యి గరిటె మీదకి వెళ్ళింది. కోడలు చటుక్కున లేచింది.

"ఎవరూ లేవకండి. భోజనం ఇంకా అవలేదు. తప్పు నాదే అత్తయ్యగారూ. ఇవాళ తీపి నేను చేస్తానన్నాను, కడుపులో చోటు ఉంచుకోమని వీళ్ళకి నేనే చెప్పాను. ఆసుపత్రిలో ఆలస్యమై మరిచేపోయాను."

"చోటు ఉంచుకోవడమేమిటి? తినే వయసులో ఉన్న పిల్లలు," అంది అత్తగారు. కానీ గరిటె మీది చెయ్యి తీసేసింది.

"అదే నేనూ అంటున్నాను. నేనొచ్చేసరికి కంచాలు మెరవాలి," అని కోడలు మొగుణ్ణి ఒక్క చూపు చూసి వంటింట్లోకి పరిగెత్తింది.

పాలు పొయ్యి మీద పెట్టి, కస్టర్డు పొడి కలిపి, పంచదార వెతుకుతుంటే మేస్త్రిగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఆవిడ చెయ్యి చాలా మంచిదమ్మా. నాలుకనే ఆ జ్వరం పట్టుకుపోయింది."

"ఆవిడకి తెలుసా?"

"తనకి రుచి తెలియట్లేదని తెలుసు. చెయ్యి మాత్రం తప్పదని నమ్మకం. మంచం మీంచి లేచి మొదటిసారి వండిన రోజున పిల్లలు తినలేదు. ఆవిడ ముఖం చూడలేకపోయాను. మర్నాడు కంచం ఖాళీ చేస్తేనే తీపి అన్నాను." ఆయన గుమ్మానికి చేరగిలబడ్డారు. "వంటింట్లోంచి ఆ కూనిరాగం వినపడకపోతే నాకు కుట్టు సాగదమ్మా."

కోడలికి కళ్ళు మసకబారాయి. ఈ మనిషి మీదా తను అంత కోప్పడింది అనుకుంది. చేతికందిన డబ్బాలోంచి తెల్లటి గుండ నాలుగు చెంచాలు పాలల్లో పోసి కలిపింది.

"దానికోసం వీధిలో ఇన్ని పళ్ళు పుచ్చబెట్టారా మామయ్యగారూ?"

"ఒక్క మనింట్లోనే తీపి పెడితే ఆవిడకి అనుమానం రాదూ?"

ఆమె గిన్నెలు పట్టుకుని వచ్చేసరికి కంచాలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. కొడుకు ముఖం చెమటలు పట్టి ఉంది. అత్తగారు కంచాలు పేర్చుకుంటూ మళ్ళీ రాగం అందుకుంది. అందరూ చెంచాలెత్తారు. అందరి చెంచాలూ ఒక్కసారిగా ఆగాయి. కోడలు కూడా నోట్లో పెట్టుకుంది. ఉప్పు. రుచి చూడని మనిషి వంటింట్లో ఏ డబ్బాలో ఏముంటుందో ఎవరు చెప్పగలరు?

"చల్లారితే ఇంకా బాగుంటుంది గాని, మెత్తగా బాగానే కుదిరింది," అంది అత్తగారు తృప్తిగా తింటూ.

కోడలు తల వంచుకుంది. తీపి గిన్నె ఎన్నడూ తన చేత్తో ఖాళీ చేయని మేస్త్రిగారు, ఆ రోజు అడుగుదాకా గీకి గీకి తిన్నారు. తిని, గిన్నె ముందుకి చాపారు.

"ఇంకొంచెం వెయ్యమ్మా. ఇన్నాళ్ళకి నా నోటికి సరిపడే తీపి చేశావు."