మూత ఇచ్చిన నంబరు

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌లోని ఒక కళాశాలకు ఫిజిక్స్ అసోసియేట్ ప్రొఫెసర్‌గా బదిలీ అయ్యాను. పాఠాలతో పాటు పింగాణీ ల్యాబ్ బాధ్యత, కరుణ అనే పరిశోధక విద్యార్థినికి గైడ్ బాధ్యత అప్పగించారు. కరుణది లక్సెట్టిపేట, మిషన్ కాంపౌండ్. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఇప్పుడు చెప్పబోయేది మరుసటి ఏటి వానాకాలం సంగతి. ఆమె ఫెలోషిప్ డిసెంబరుతో ముగుస్తుంది. ఆలోగా ఒక పరిశోధన పత్రం జర్నల్‌లో ఖరారైతేనే థీసిస్ సమర్పించే వీలుంటుంది.

గ్యాస్ లైటరు నొక్కితే నిప్పురవ్వ వస్తుంది. అందులో ఉండే చిన్న బిళ్లే పీజోఎలక్ట్రిక్ పింగాణీ. ఒత్తితే విద్యుదావేశం పుడుతుంది. ఇలాంటి బిళ్లల్లో ఎక్కువ వాటికి సగానికి పైగా బరువు సీసానిదే. సీసం విషం కనుక, దాని బదులు పొటాషియం, సోడియం, నియోబియంతో బిళ్ల చేయడం కరుణ పని.

ఈ పదార్థం మొండిది. పొటాషియం, సోడియం కార్బొనేట్లు గాలిలో చెమ్మ పీలుస్తాయి. ఓవెన్‌లో ఆరబెట్టకుండా తూస్తే పాళ్లు తప్పుతాయి. పొడిని మరపట్టి, ఒకసారి కాల్చి, బిళ్లగా నొక్కి, పదకొండు వందల డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చాలి. దీన్నే సింటరింగ్ అంటారు. ఆ వేడికి పొటాషియం, సోడియం ఆవిరైపోతాయి. అందుకని బిళ్లను అదే పొడిలో పాతిపెట్టి, క్రూసిబుల్ అనే మట్టి పాత్రలో మూత వేసి కాలుస్తాం. చివరికి వేడి నూనెలో ముంచి అధిక వోల్టేజీ పెట్టి, మర్నాడు ఒత్తితే ఎంత ఆవేశం పుడుతోందో మీటరు మీద చూస్తాం. ఆ విలువ ఎంత ఎక్కువైతే బిళ్ల అంత మంచిది.

మా ల్యాబులో క్రూసిబుల్ మూత పగిలేదాకా పారేసే అలవాటు లేదు. యాసిడ్‌తో కడిగి మళ్లీ వాడతాం. కరుణ మూత పగిలినప్పుడు అలమరలోంచి పాత మూత తీసి ఇచ్చింది నేనే.

ఆగస్టులో మీటరు నూట అరవై చూపింది. అంతవరకు మాకు తొంభై దాటలేదు. శాఖాధిపతి స్వయంగా మిఠాయి తెప్పించారు. పత్రం రాశాం, ఆమె పేరు ముందు, నా పేరు వెనుక. పంపడానికి రెండు రోజుల ముందు కరుణ నా గదికి వచ్చింది.

“సార్, గీ నంబర్ నాది కాదు. మూతది.”

ఒకే పొడి నుంచి పది బిళ్లలు చేసి, ఐదింటిని పాత మూత కింద, ఐదింటిని కొత్త మూత కింద కాల్చిందట. కొత్త మూతవి ఎనభై ఎనిమిది దగ్గరే ఆగాయి. పాత మూత శాఖాధిపతి సీసం బిళ్లల మీద పని చేసిన కాలం నాటిది. మట్టిలో ఇంకిన సీసం వేడికి బయటికొచ్చి బిళ్లలో చేరి విలువ పెంచింది. పాత మూత కింది బిళ్లను విశ్లేషణకు పంపితే అందులో సీసం జాడ తేలింది.

“యాసిడ్‌తో కడిగినం కదమ్మా,” అన్నాను.

“పైన కడిగినం సార్. లోపలికి పోయింది కడిగితే పోతదా?”

శాఖాధిపతి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన నవ్వారు.

“సీసం లేని బిళ్ల చేస్తనంటివి. ఆఖరుకు సీసమే నిన్ను గట్టెక్కిస్తుంటే వద్దంటవేందమ్మా?”

“సీసంతోని గట్టెక్కితే థీసిస్ పేరు మార్చాలె సార్.”

ఆయన నవ్వు ఆగింది. “డిసెంబర్ల ఏం జేస్తవు? పొడిగింపు కాయితం మీద నేనైతే సంతకం పెట్టను.”

“పెట్టకుండ్రి సార్. గా పత్రం మీద నేను గూడ పెట్టను,” అని లేచింది.

నేను కూర్చునే ఉన్నాను. ఆ పత్రం వెళ్తే నాకూ మంచిదే, ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. “మీరేమంటరు?” అని ఆయన నన్నడిగారు. మూత ఇచ్చింది నేనని, పత్రం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. మర్నాడు ఆమె గడువు పొడిగించమని పరిశోధన మండలికి నేరుగా లేఖ రాశాను. తప్పు గైడ్‌ది, గడువు పోయేది మాత్రం విద్యార్థినికి అని అందులో ఉంది. శాఖాధిపతి తర్వాత నాతో పని మాటలే మాట్లాడారు. ప్రమోషన్ రాలేదు.

మండలి ఆరు నెలలు పొడిగించింది, ఫెలోషిప్ లేకుండా. కరుణ ఉదయం ఒక స్కూల్లో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేది. కార్బొనేట్లను ఇంకా ఎక్కువసేపు ఆరబెట్టి, కాల్చే వేడిని ఐదేసి డిగ్రీల చొప్పున సవరించుకుంటూ పోయింది. నూట పన్నెండు వచ్చింది. రెండు మూతల పోలికను కూడా పట్టికగా పెట్టి పత్రం పంపింది. మొదటి జర్నల్ తిప్పి పంపింది, రెండోది వేసుకుంది. థీసిస్ గడువుకు తొమ్మిది రోజుల ముందు అందింది.

ల్యాబులో తక్కువ విలువ వస్తే అందరూ అనుమానిస్తారు. తూకం చూస్తారు, మీటరు చూస్తారు, కాల్చినవాణ్ని తిడతారు. ఎక్కువ విలువ వచ్చినప్పుడు అనుమానించే మనిషి ఒకరుండాలి. మా ల్యాబులో ఆ మనిషి గైడ్ కాదు.