నావి కాని పుస్తకాలు కాల్చాను

నేను మోకరించిన ప్రతిసారీ ఒక మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు దాటింది. ప్రార్థనలో రోగుల కోసం, వర్షాల కోసం, దేశం కోసం గట్టిగా అడుగుతాను. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "ప్రభువా, నీకు తెలుసు కదా" అని దాటేస్తాను. ఆయనకు తెలుసు. తెలియాల్సింది ఆయనకు కాదు. ఇన్నేళ్లూ అది నాకు అర్థం కానట్టే నటించాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మిర్యాలగూడలో నన్ను ఎరిగినవాళ్లకు నేను రెండు రకాలుగా తెలుసు. బడిలో లెక్కల సారును. చర్చి సంఘంలో పుస్తకాలు కాల్చిన అన్నను. రెండో పేరు, నేనెలా మారానో సభల్లో చెప్పే నా సాక్ష్యం వల్ల వచ్చింది. మాడుగులపల్లి వైపు పల్లెల్లో గృహ కూటాలు జరిగినా, పట్టణంలో యవ్వనస్తుల సభలు జరిగినా నన్ను నిలబెట్టి అదే చెప్పమంటారు. చెబుతాను. చిన్నతనంలో ఒక హంతకుడి బొమ్మల కథలకు నేను బానిసనని, గుర్రమెక్కి తుపాకీ పట్టుకు తిరిగే ఆ మనిషిలా అవ్వాలని కలలు కన్నానని, ఉజ్జీవ సభల చివరి రోజున ఆ పుస్తకాలన్నీ మోసుకొచ్చి నా చేతులతో మంటలో వేశానని చెబుతాను. వింటూ ఏడ్చినవాళ్లున్నారు. ఇళ్లకు వెళ్లి తమవి తెచ్చి కాల్చిన పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు పాస్టరు.

పుస్తకాలు కాల్చింది నిజం. అవి నావి కావు.

సైదులువి. సూర్యాపేటలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే సందులో ఉండేవి. మా నాన్న సంఘ సేవకుడు. వాళ్ల నాన్న లారీ డ్రైవరు. మేళ్లచెరువు నుంచి సిమెంటు వేసుకుని విజయవాడ వైపు పోయేవాడు. తిరిగొస్తూ అక్కడి ఫుట్‌పాత్ మీద దొరికే పాత బొమ్మల పుస్తకాలు కొడుక్కి తెచ్చేవాడు. ఒకసారి వెళ్లి మళ్లీ రాలేదు. తల్లి అంతకుముందే పోయింది. చిన్నాయన లింగయ్య సైదులును తన దగ్గర పెట్టుకున్నాడు. హైవే పక్కన ఆయనకు పంచర్ దుకాణం. దుకాణం వెనక గదిలో, పాత ట్యూబుల మధ్య ఒక రేకు పెట్టె. అందులో ఆ పుస్తకాలు. తన నాయిన ఇచ్చాడని చూపించుకోవడానికి సైదులుకు అంతకు మించి ఏమీ లేదు.

పిన్నులు తుప్పు పట్టిన, పసుపుపచ్చ కాగితం పుస్తకాలు. నలుపు తెలుపు బొమ్మలు. ఎడారి, దుమ్ము ఊళ్లు, ఒంటరి గుర్రం. ఆ తుపాకీవాడి పేరు ఏ కథలోనూ ఉండదు కాబట్టి సైదులు అతనికి "టోపీ దొర" అని పెట్టాడు. ఒక కథలో దొంగల నుంచి ఊరిని కాపాడతాడు. ఇంకో కథలో దొంగలతోనే వాటా పంచుకుంటాడు. చస్తున్నవాడికి తన నీళ్లు తాగిస్తాడు, మర్నాడు ఇంకొకణ్ని వెనక నుంచి కాలుస్తాడు. నేను తట్టుకోలేకపోయేవాణ్ని. పాత టైరు మీద కూర్చుని ప్రతి పుస్తకానికీ అడిగేవాణ్ని: "వీడు మంచోడా, చెడ్డోడా రా?" సైదులు విసుక్కునేవాడు. "నీకు అన్నీ పరలోకమా నరకమానే. ముందు సదువు."

ఇక ఆ సభలు. నాకు పదిహేడేళ్లు. మిర్యాలగూడలో పందిరి వేశారు. చివరి రోజు మంట, మర్నాడు సాగర్ కాలువలో బాప్తిస్మం. బాప్తిస్మం తీసుకునేవాళ్లు తాము విడిచిపెట్టిన లోకాన్ని తెచ్చి మంటలో వేసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. అది మా దగ్గర ఆనవాయితీ. ఒకడు సినిమా క్యాసెట్లు తెచ్చాడు. ఒకడు పేకముక్కలు. ఒక అమ్మాయి సినిమా పాటల పుస్తకాలు దాచుకుని తెచ్చింది. నా దగ్గర ఏమీ లేదు. మా ఇంట్లో పాపం చేయడానికి కూడా సామాను ఉండేది కాదు. రేడియో పెడితే వార్తలే. నవ్వుతారేమో కానీ, ఆ సిగ్గు నాకు ఇప్పటికీ గుర్తుంది. విడిచిపెట్టడానికి లోకం లేనివాడు విడుదల పొందానని ఎలా చెబుతాడు? మంటకు ముందు రోజు రాత్రి ప్రసంగీకుడు వచ్చి భుజం మీద చేయి వేసి, "నువ్వేం తెచ్చావు తమ్ముడూ?" అన్నాడు. "రేపు తెస్తానయ్యా" అన్నాను. ఎందుకన్నాను? ఏమీ లేదని చెబితే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు.

మర్నాడు పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాను. సైదులు ఫ్యాక్టరీలో పని కోసం మేళ్లచెరువు వెళ్లాడని నాకు తెలుసు. లింగయ్య చిన్నాయన లారీ చక్రం విప్పుతున్నాడు. సైదులు పుస్తకాలు చదువుకోమన్నాడని చెప్పాను. చేతులకు గ్రీజు ఉంది కాబట్టి గడ్డంతో గది చూపించాడు. "తీస్కపో బిడ్డా. ఆడొచ్చేవరకు మళ్ల పెట్టు, లేకుంటె నా పానం తీస్తడు." ఖాళీ సిమెంటు బస్తాలో నింపుకుని వెళ్లాను.

లేఖనంలో ఒక రాజు, బలి ఇవ్వడానికి స్థలమూ ఎడ్లూ ఊరికే ఇస్తానంటే ఒప్పుకోడు. నాకు ఖర్చు కానిది నా దేవుడికి ఎలా ఇస్తానంటాడు. ఆదివారం బడిలో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. చెబుతున్నప్పుడు ఒక్కసారి కూడా గొంతు వణకలేదు. అదే నన్ను ఇప్పుడు భయపెడుతోంది.

ఆ మంట ముందు నేను ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. కాలువ నీళ్లలో మునిగి లేచినప్పుడు కలిగిన సంతోషం కూడా నిజమే. దొంగిలించిన దాన్ని అర్పించినవాడికి ఆ సంతోషం ఎవరిచ్చారు?

సైదులు వచ్చాక నన్ను దుకాణానికి పిలిపించాడు. ఆ రోజు మాటలు ఒక్కటీ మరచిపోలేదు.

"పెట్టె కాళీగున్నది చిన్నాయనా. ఏడవోయినయి?"

"నీ దోస్తే తీస్కపోయిండు గద. ఈన్నే నిలవడ్డడు, అడుగు."

సైదులు నా వైపు తిరిగాడు. "తీస్కపోయినవారా?"

"నేనా? లేదు" అన్నాను. "నేనసలు ఈడికే రాలే."

చిన్నాయన చేతిలోని ట్యూబు కింద పెట్టాడు. కోపం రాలేదు ఆయనకు. నేను మరచిపోయాననుకున్నాడు. "ఏంది బిడ్డా, మొన్న సిమెంటు బస్తల ఏస్కొని పోలే? జర యాది చేస్కో."

"రాలే చిన్నాయనా. ప్రార్థన కూటాలుండె. మిర్యాలగూడల ఉన్న."

"ఇన్నవా?" సైదులు గొంతు పెరిగింది. "వాడు దేవుని పిలగాడు, అబద్ధమాడడు. నువ్వే గద రోజు మొత్తుకునేది, ఎలుకలొస్తున్నయి, పాత సామానోనికి ఏస్తనని. ఏసినవ్. ఇగ వాని మీదికి నూకుతున్నవ్."

"మా అన్న మీద ఒట్టురా."

"మా నాయిన పేరెత్తకు."

చిన్నాయన నన్ను చూశాడు. నేను చెబుతానని ఎదురుచూశాడు. నేను టైరులో దిగిన మేకును చూస్తూ నిలబడ్డాను. నా భక్తి మీద సైదులుకు ఉన్న నమ్మకంతోనే నేను ఆయన్ను దొంగను చేశాను. మా సందులో ఇంకే పిల్లవాడు ఆ మాట అన్నా సైదులు నమ్మేవాడు కాదు.

ఆ సాయంత్రమే సైదులు ఇల్లు విడిచి కోదాడ వెళ్లిపోయాడు. లారీలకు రంగులు వేసే ఒకాయన దగ్గర చేరాడు. ఇప్పుడు అక్కడే సొంత షెడ్డు ఉంది. పెళ్లికి చిన్నాయనను పిలవలేదు. పిల్లలు పుడితే చూపించలేదు. నేను మాత్రం ఇద్దరి దగ్గరికీ వెళ్లేవాణ్ని. కోదాడలో సైదులు పెళ్లి భోజనం తిన్నాను. సూర్యాపేటలో చిన్నాయన దుకాణం ముందు బండి ఆపితే ఆయన టైరును బొటనవేలితో నొక్కి చూసి, "గాలి మంచిగున్నది, పో బిడ్డా" అనేవాడు. ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. కోదాడలో సాక్ష్యం చెప్పమని రెండు మూడుసార్లు పిలుపు వచ్చింది. ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. సైదులు చెవిన పడుతుందని. నా మారుమనస్సు కథకు కూడా సరిహద్దు గీసుకుని బతికాను.

ఈ వానాకాలం చిన్నాయన జబ్బు పడ్డాడు. దవాఖానకు వెళ్లాను. ఆయన నా చేయి పట్టుకుని, "సైదులు వస్తడా బిడ్డా?" అని అడిగాడు. మంచం పక్కన చిన్నమ్మ ఉంది. అక్కడ చెప్పాల్సింది ఒక్కటే మాట. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. సైదులు కఠిన హృదయాన్ని మెత్తబరచమని దేవుణ్ని అడిగాను. గట్టిగా, పక్క మంచాలవాళ్లు కూడా ఆమెన్ అనేలా. ఈ కాగితం మీద ఆ వాక్యం రాయడానికి నాకు మొత్తం ఒప్పుకోలు కంటే ఎక్కువ సమయం పట్టింది.

రెండు రోజులకు ఆయన పోయాడు. సైదులు వచ్చాడు. రోడ్డు మీదే నిలబడి, పాడె కదిలాక వెళ్లిపోయాడు.

తర్వాత కొన్నాళ్లకు కోదాడ వెళితే సైదులు లోపలి నుంచి ఒక సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అవే పుస్తకాలు. అవే అంటే ఆ కాపీలు కాదు. హైదరాబాదులో ఆదివారం పాత పుస్తకాల వాళ్ల దగ్గర, ఎక్కడెక్కడో, ఇన్నేళ్లూ ఒక్కొక్కటే వెతికి పోగేశాడట. "సదువుకోరా. మనిద్దరివే గద" అన్నాడు. ఆ మాటకు నేను చచ్చిపోలేదు. సంచి తీసుకుని ఇంటికొచ్చాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం తలుపు దగ్గరకు వేసుకుని చదివాను. సాక్ష్యంలో నేను చెప్పే హంతకుడు ఆ పుస్తకాల్లో కనబడలేదు. నేను చెప్పినంత నల్లగా గీసి లేడు. తాను మంచివాణ్నని ఎవరినీ నమ్మించడు. అయితే ఒక కథ దగ్గర చేయి ఆగింది. టోపీ దొర ఒక గుర్రాన్ని దొంగిలిస్తాడు. ఆ నేరం ముసలి గొర్రెలకాపరి మీద పడుతుంది. జనం ఆ ముసలాయన్ను కట్టి ఈడ్చుకెళుతుంటే టోపీ దొర గుంపులోనే ఉంటాడు, టోపీ కళ్ల మీదికి లాక్కుని. కాపరి ఒట్టు వేస్తాడు. ఎవరూ నమ్మరు. ఆఖరి బొమ్మలో గుర్రం వీపు, దాని మీద మనిషి వీపు.

ఈ పేజీ దగ్గర చిన్నప్పుడు నేను కోపంతో ఏడ్చాను. సైదులు నన్ను ఓదార్చాడు: తర్వాతి పుస్తకంలో తిరిగొచ్చి ఒప్పుకుంటాడు చూడు అని. ఆ తర్వాతి పుస్తకం మాకు దొరకలేదు. సంచి ఇచ్చేటప్పుడు సైదులు దాన్ని పైన పెట్టి నవ్వాడు. "దొరికిందిరా. వాడు రానే రాలే. వేరే ఊర్ల వేరే కతల పడ్డడు. ఇన్నేండ్లు ఉత్తగనే నమ్మిన."

పుస్తకాలు నన్ను చెడగొట్టాయని ఇన్నేళ్లు వేదికల మీద చెప్పాను. ఆ పేజీ నన్ను ముందే హెచ్చరించింది. నేను దాన్ని కాల్చాను.

ఆ సాయంత్రం నాకు ఊరట ఇచ్చే ఆలోచన కూడా ఒకటి వచ్చింది, దాచను. టోపీ దొర ఇంకో కథలో ఊరిని కాపాడాడు కదా. నేనూ ఎంతమంది రోగుల దగ్గర కూర్చున్నాను, ఎంతమంది పిల్లలకు వాక్యం నేర్పాను. ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదా? లెక్కల సారును. కూడి తీసివేయడం నాకు అలవాటు. కానీ సహోదరుడికి నీమీద ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే అర్పణను బలిపీఠం ముందే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమన్న మాటలో కూడికలు లేవు. వెళ్లమని మాత్రమే ఉంది.

వెళ్లాను. సైదులు చెక్కపలక మీద నిలబడి ఒక సిమెంటు లారీ వెనక తలుపుకు నెమలి వేస్తున్నాడు. కిందికి దిగమన్నాను. దిగాడు. పుస్తకాలు తీసుకెళ్లింది నేనేనని, సభలో కాల్చానని, చిన్నాయన పాత సామాను వాడికి వేయలేదని చెప్పాను. ఇంకేదో చెప్పబోయి ఆపేశాను. చిన్నవాణ్నని, భయమని. అవి అతనికి చెప్పాల్సినవి కావు.

కుంచెను గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. రంగు పోయాక కూడా తుడిచాడు.

"దవాఖానకు పోయినవ్ గద. అప్పుడన్న ఆయనకు చెప్పినవా?"

"చెప్పలే."

నన్ను కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. డబ్బా మీద మూత నొక్కి పెట్టాడు. నెమలికి ఒక కన్ను అలాగే మిగిలింది. బండి తాళం తీసుకున్నాడు. "చిన్నమ్మ ఒక్కతే ఉంటది" అన్నాడు. నాతో కాదు. బండి సూర్యాపేట రోడ్డు ఎక్కింది. రమ్మనలేదు. నేను ఎక్కడ నిలబడ్డానో కూడా చూడలేదు.

ఆ తర్వాత అతని నుంచి ఫోను రాలేదు. వస్తుందని అనుకోవడం లేదు. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఇంకో పని కూడా అతని మీద పెట్టినట్టే. వచ్చే యవ్వనస్తుల సభలో సాక్ష్యానికి నా పేరు వేశారు. తీసేయమనలేదు. నిలబడి ఇదే చెబుతాను. ఆ తర్వాత రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్ల దగ్గరికి నన్ను రానిస్తారో లేదో సంఘం ఇష్టం.

లింగయ్య చిన్నాయన నిజం చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను. ఈ రెండు మాటలూ ఈ ఉదయం ప్రార్థనలో గొంతు తగ్గించకుండా, పక్క గదిలో ఉన్న నా భార్యకు వినబడేలా అన్నాను. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. నాకు ఊపిరి, చాలా కాలానికి, అడ్డు లేకుండా లోపలికి పోయింది.